తూములో అల్లుడు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. లోవెల్ ప్రూయిట్ తన పెళ్ళికోసం ఆడింది ఒక్కటే. ఆ ఒక్కటే వెయ్యింటి పెట్టు అయి కూర్చుంది.

నొరీన్‌ని చేసుకుంటానని చెప్పుకోవడానికి మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళిన రోజు అది. బల్లకి ఆ చివర ఆమె తండ్రి ఆర్విల్ స్టాంపర్ కూర్చుని కుందేలు ఎముక చప్పరిస్తూ, "వేటకి వెళ్తావా అబ్బాయ్?" అని అడిగాడు. లోవెల్ ఈ కొండల మనిషి కాడు. నది ఒడ్డు పట్నంలో మంగలి షాపు నడుపుకునేవాడి కొడుకు. తిరనాళ్ళలో బుడగలు పేల్చే తుపాకీ తప్ప వేరేది ముట్టుకుని ఎరగడు. అయినా పక్కన నొరీన్ ఉంది, ఎదురుగా ముసలాయన కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. నోటిదూల కొద్దీ, "కుందేళ్ళ వేటంటే నాకు ప్రాణం" అనేశాడు. బల్లకింద నొరీన్ అతని కాలు గట్టిగా తొక్కింది. అప్పటికే మాట జారిపోయింది.

"అయితే శనివారం పొద్దున్నే రా" అన్నాడు ఆర్విల్.

ఆ శనివారం ఇంకా అయిపోలేదు.

పెళ్ళికి మామగారి కానుకగా తుపాకీ వచ్చింది. ఆ తర్వాత లోయలో ఇల్లు కట్టుకోవడానికి స్థలం వచ్చింది. ఆ స్థలం మామగారి ఇంటికి దిగువన. బయటికి పోవాలంటే ఆయన వాకిలి ముందు నుంచే దారి. రెండిళ్ళకీ మధ్యన కుక్కల దొడ్డి, అందులో కుందేళ్ళని వాసన పట్టి తరిమే మూడు బీగిల్ కుక్కలు. తెల్లవారకముందే అవి మొదలుపెడితే ఆ లోయలో ఇంక ఎవరికీ నిద్ర ఉండదు. చలికాలమంతా కుందేళ్ళు. మొక్కజొన్న విత్తాక కాకులు. ఎండాకాలం వస్తే సోయా చేలల్లో బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగులు. రైతులు ఫోన్ చేసి, "ఆర్విల్, నీ అల్లుణ్ణి తీసుకుని రావయ్యా, పంటంతా కొరికేస్తున్నాయి" అనేవాళ్ళు. అలా ఏడాది పొడుగునా ఏదో ఒక ప్రాణి లోవెల్ శనివారాల్ని తినేసేది.

వేటలో అతనికి చలి పడదు, ముళ్ళకంపలు పడవు, ఎండాకాలం ఒంటికి పట్టుకునే పిడుదులు పడవు. అన్నిటికన్నా పడనిది దెబ్బతిన్న కుందేలు అరుపు. ఒక్కసారి విన్నాడు. పసిపిల్ల ఏడ్చినట్టే ఉంది. అప్పట్నుంచి కుందేలు తన ముందుకొస్తే తుపాకీ కొంచెం పైకెత్తి పేల్చడం నేర్చుకున్నాడు.

"ఈసారీ పోయిందా?" అని నవ్వేవాడు ఆర్విల్. "నీ చేతిలో చావాలని ఏ కుందేలుకీ రాసిపెట్టి లేదోయ్!"

ఆర్విల్‌కి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. బొగ్గు గనిలో దిగి వచ్చినవాడు, మనిషి చెడ్డవాడు కాడు. అడక్కుండానే సాయం చేస్తాడు. అడక్కుండా చేసిన సాయం కాదనడం మరీ కష్టం.

లోవెల్ స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్. నొరీన్ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, మధ్యాహ్నం వెళ్తే అతను పడుకున్నాక గాని రాదు. అతను లేచే వేళకి ఆమె నిద్రలో ఉంటుంది. శనివారం పొద్దున ఒక్కటే ఇద్దరూ మెలకువగా ఒకచోట ఉండే అవకాశం. ఆదివారం ఎలాగూ చర్చి, ఆ తర్వాత అత్తగారి వంట. ఆ ఒక్క పొద్దుటా లోవెల్ ముళ్ళపొదల్లో నిలబడి ఉండేవాడు. మధ్యాహ్నం అతను చేతులకి నెత్తుటితో, బురద బూట్లతో వచ్చేసరికి నొరీన్ తల దువ్వుకుని పనికి బయల్దేరుతూ ఉండేది.

ఆ జనవరిలో ఒక శుక్రవారం ఆమె సెలవు పెట్టి ఇంట్లో ఉంది. అంట్లు కడుగుతూ అతని వైపు తిరక్కుండానే అడిగింది.

"రేపు ఉండకూడదూ?"

"మీ నాన్న వస్తాడుగా."

"నాన్నకి చెప్పెయ్. నాకిష్టం లేదు అని మూడు మాటలు. నోరు పడిపోదు."

"ఇన్నేళ్ళ తర్వాత ఏ మొహంతో చెప్పను నొరీ? ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావా అనడూ?"

"నన్ను కూడా చేస్తున్నావు మరి. మనం చివరిసారి కలిసి కూర్చుని పొద్దుటి కాఫీ తాగింది ఎప్పుడో చెప్పు."

అతనికి గుర్తు రాలేదు. నొరీన్ గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "రేపు నువ్వు చెప్పకపోతే ఎల్లుండి చర్చి అయ్యాక నేను చెప్తాను. అమ్మ ముందే చెప్తాను."

కక్కలేక మింగలేక ఆ రాత్రి గడిచింది. పొద్దున్నే కుక్కలు మొదలుపెట్టాయి.

ట్రక్కు లోవెలే నడుపుతున్నాడు. ఆర్విల్ పక్కన కూర్చుని ఫ్లాస్కులో కాఫీ మూతలోకి ఒంపుకుంటున్నాడు. వెనక పెట్టెలో కుక్కలు కాళ్ళతో గీరుతున్నాయి. రాత్రి పడ్డ పల్చటి మంచు రోడ్డు అంచుల్లో ఇంకా తెల్లగా ఉంది.

"మామా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"ఈ శనివారాల సంగతి..."

"అదే నేనూ అనుకుంటున్నా! సీజను అయిపోవస్తోంది కదూ? ఇంకెన్ని ఉన్నాయి గట్టిగా? నాకూ అదే దిగులోయ్. రాత్రి మీ అత్తతో అన్నాను, నాకన్నా అల్లుడికే ఎక్కువ బెంగగా ఉంటుందని." ఆర్విల్ కాఫీ మూత అతనికి అందించాడు. "తాగు. చలి వదుల్తుంది."

లోవెల్ తాగాడు. మాట కాఫీతోబాటు కడుపులోకి పోయింది.

బొగ్గు కంపెనీ తవ్వి వదిలేసిన గుట్ట కింద వాళ్ళు ఆగారు. పాత బండ్ల బాట ఒకటి గుట్టని చుట్టుకుని ఉంటుంది. ఇప్పుడు దానిమీద మనిషి తిరగడు, కంపలు పెరిగిపోయాయి. కుక్కల్ని వదలగానే ముసలి కుక్క బర్డీ ముక్కు నేలకి ఆనించి పొదలోకి దూరింది. అన్నిటిలోకీ అదంటేనే ఆర్విల్‌కి ప్రాణం. కొంతసేపటికి దాని గొంతు లేచింది, మిగతా రెండూ అందుకున్నాయి. కుందేలు లేచిందన్నమాట. లేచిన కుందేలు దూరం పోదు, గుండ్రంగా తిరిగి లేచిన చోటికే వస్తుంది. వేటగాడు చెయ్యవలసిందల్లా కదలకుండా నిలబడటం. లోవెల్‌కి అది బాగా వచ్చు.

కాని ఆ కుందేలు తిరిగి రాలేదు. కుక్కల గొంతులు బాట దగ్గర ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే, బాట కింద నుంచి వాననీరు పోవడానికి వేసిన రేకు తూము నోటి దగ్గర రెండు కుక్కలు గంతులేస్తున్నాయి. బర్డీ లేదు. తూము లోపలి నుంచి, ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు దాని మూలుగు వినిపిస్తోంది.

ఆర్విల్ మోకాళ్ళ మీద కూలబడి లోపలికి అరిచాడు. "బర్డీ! రావే తల్లీ! రా!"

మూలుగు ఆగలేదు. తూము అవతలి నోరు ఎప్పుడో మట్టి కూరుకుపోయి మూసుకుపోయింది. ఆర్విల్ తూములోకి తల పెట్టాడు గాని ఆ భుజాలు పట్టలేదు. లేచి అల్లుడి వైపు చూశాడు. ఏమీ అడగలేదు. ఆయనెప్పుడూ అడగడు.

లోవెల్ తుపాకీ పక్కన పెట్టి తూములోకి దూరాడు.

మొదట్లో మోచేతుల మీద పాకడానికి వీలయింది. పోనుపోను అడుగున బురద మందం పెరిగి పైకప్పు వీపుకి తగలసాగింది. చేతులు రెండూ ముందుకి చాచి, కాలి మునివేళ్ళతో వెనక్కి తన్నుకుంటూ జరిగాడు. మంచు కరిగిన నీళ్ళు సన్నగా ఛాతీ కింద నుంచి పారుతున్నాయి. కుక్క వాసన తగిలింది, ఆ తర్వాత వేళ్ళకి వెచ్చటి నాలుక తగిలింది.

"దొరికింది మామా! ఇక్కడే ఉంది!"

దాని మెడ పటకా పట్టుకుని వెనక్కి జరగబోయాడు. జరగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. వీపు వెనక ఏదో గట్టిగా పట్టుకుంది. వేట కోటు వెనక కుందేళ్ళు వేసుకునే సంచి ఉంటుంది. పైరేకు ఎక్కడో తుప్పుపట్టి చిరిగి, దాని కొక్కేలు లోపలికి వంగి ఆ సంచిని పట్టేశాయి. చేపల బుట్టలోకి చేప సుళువుగానే పోతుంది. వెనక్కి వచ్చేటప్పుడే పుల్లలు గుచ్చుకుంటాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. లోవెల్‌కి ముందు కుక్క, వెనక కొక్కెం. గట్టిగా ఊపిరి పీలిస్తే వీపు రేకుకి తగులుతోంది. అది తెలిశాక ఊపిరి చిన్నదైపోయింది. చిన్నదైన కొద్దీ ఇంకా కావాలనిపించింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

"మామా! ఇరుక్కుపోయాను!"

బూట్ల మీద రెండు చేతులు పడ్డాయి. లాగాయి. భుజాలు చిట్లినట్టు నొప్పి పుట్టింది.

"ఆగు, ఆగు మామా! చచ్చిపోతాను!"

"ఉండు. కంగారు పడకు. ఫోన్ ఇక్కడ పలకదు. రోడ్డుదాకా వెళ్ళి ఎవరినైనా పిలుచుకు రానా?"

"వద్దు! వెళ్ళకు! వదిలేసి వెళ్ళకు మామా!"

"వెళ్ళనులే. ఇక్కడే ఉన్నా."

నీళ్ళు గడ్డం దాకా వచ్చినట్టనిపించింది. నిజానికి రాలేదు. కాని లోవెల్‌కి తాను ఇక్కడే పోతాననిపించింది. తనకిష్టం లేని పని చేస్తూ, తనకి అక్కర్లేని కుందేలు కోసం, తనది కాని కుక్కని పట్టుకుని. నవ్వూ ఏడుపూ కాని ఒకటి లోపలి నుంచి తన్నుకొచ్చింది.

"మామా! నాకు వేటంటే ఇష్టం లేదు!"

తూము ఆ మాటని పెద్దది చేసి అటూ ఇటూ మోగించింది.

"ఎప్పుడూ లేదు! ఒక్కరోజు కూడా లేదు! ఆ రోజు భోజనాల దగ్గర అబద్ధం చెప్పాను. నొరీన్ కోసం చెప్పాను. ప్రతి శనివారం నాకు ఉరిశిక్షలా ఉంటుంది మామా!"

బూట్ల మీది చేతులు వదిలేశాయి.

లోవెల్ చెవులు రిక్కించాడు. నీటి చప్పుడు, కుక్క రొప్పు. అంతే. "మామా?" అన్నాడు. వెళ్ళిపోయాడా? కోపంతో, తనని ఇక్కడ వదిలేసి?

"తెలుసు" అంది గొంతు, దగ్గరి నుంచే.

"ఏం తెలుసు?"

"అదే. మొదటి చలికాలం నుంచీ తెలుసు. నువ్వు పేల్చిన గుళ్ళు ఇంకా కిందపడి ఉండవోయ్, అన్నీ ఆకాశానికే పోయాయి."

"తెలిసి మరి ఎందుకు పిలిచావు?"

"పిలిస్తే వచ్చావు. వచ్చేవాణ్ణి ఎవడైనా వద్దంటాడా? మా నాన్న పోయాక నాతో ఎవడొచ్చాడు గనక? కిందటేడు కుక్కల దొడ్డిలో పడిపోయాను కదా. ఆ రోజు నుంచి బండి తాళాలు మీ అత్త పిండి డబ్బాలో దాచింది. నువ్వొస్తేనే బయటికి తీస్తుంది. నువ్వు మానేస్తే వారం తిరక్కుండా కుక్కల్ని అమ్మేయిస్తుంది. నేను కిటికీ పక్కన కుర్చీలో, రోడ్డు మీద పోయే బళ్ళు చూసుకుంటూ."

"మామా, ముందు నన్ను లాగు. అవన్నీ తర్వాత."

"లాగుతా. ఎప్పుడూ వస్తానని మాటియ్యి."

పరాచికం అనుకున్నాడు లోవెల్. నవ్వు కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఎన్నో ఏళ్ళుగా తన ముందు నడిచిన ఆ పెద్ద మనిషి, అడక్కుండా అన్నీ ఇచ్చిన మనిషి, మొదటిసారి ఒకటి అడుగుతున్నాడు. అది ఇక్కడ అడుగుతున్నాడు, తనకి కదలడానికి చోటు లేని ఈ గొట్టంలో. లోవెల్ నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది. మొగాడన్న సిగ్గు కూడా లేకుండా, ముక్కు బురదలో పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. బర్డీ మూలగడం మానేసి అతని చెయ్యి నాకసాగింది.

చేతులు గభాల్న మళ్ళీ బూట్ల మీదికొచ్చాయి.

"ఊరుకో. ఊరుకో అబ్బాయ్. ముసలాణ్ణి, ఏదో వాగాను. ఏ మాటా ఇవ్వక్కర్లేదు. విను. కోటు వదిలెయ్యి. జిప్ ఎక్కడుంది?"

"ఛాతీ కింద."

"ఊపిరంతా వదిలేసి చెయ్యి లోపలికి తెచ్చుకో. వెనకటికి గనిలో మేం అలాగే జారేవాళ్ళం. భయపడితే ఒళ్ళు లావైపోతుంది. వదులు, ఇంకా వదులు."

లోవెల్ వదిలాడు. మోచెయ్యి గీసుకుంటూ, వేళ్ళు బురదలో దున్నుకుంటూ ఛాతీ కిందికి చేరాయి. జిప్ కొంచెం దిగి ఆగింది. మళ్ళీ ఊపిరి తీసుకుని, వదిలి, మళ్ళీ లాగాడు. ఈసారి చివరిదాకా దిగింది. చేతులు ముందుకి చాచాడు. ఆర్విల్ కుక్కల తాడు అతని చీలమండలకి బిగించి, కాళ్ళు తూము అంచుకి తన్నిపెట్టి లాగాడు. కోటు కొక్కేనికే వేళ్ళాడుతూ లోవెల్ తల మీదుగా, చేతుల మీదుగా ఒలిచినట్టు వచ్చేసింది. లోవెల్ వెనక్కి జారాడు. దారిలో ఒక బూటు తాడుతోబాటు ఊడిపోయింది. ఆర్విల్ వెల్లకిలా పడి, లేచి, మేజోడుతో ఉన్న పాదాన్ని పట్టుకునే లాగాడు.

వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. లోవెల్ మంచు మీద పడుకుని ఆకాశాన్ని మింగినట్టు గాలి పీల్చాడు. ఆర్విల్ తన కోటు విప్పి అతని మీద కప్పాడు. ముసలాయన పెదాలు నీలంగా ఉన్నాయి, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ అలా ఉండగానే బర్డీ నింపాదిగా తూములోంచి నడిచొచ్చి ఒళ్ళు విదిలించుకుంది. అది అసలు ఇరుక్కోనే లేదు. ఎదురుగా ఉన్న కుందేలుని వదిలి రావడం ఇష్టం లేక అక్కడే కూర్చుంది, అంతే.

"దీనమ్మ!" అన్నాడు ఆర్విల్. ఇద్దరూ నవ్వబోయారు గాని సగంలోనే ఆగిపోయింది.

బండి ఎక్కాక ముసలాయన కిటికీ అద్దం వైపు తిరిగి అన్నాడు. "లోపల నేనన్న మాట..." అంటూ అద్దం మీది ఆవిరి తుడిచి, "తూము సంగతి మీ అత్తకి చెప్పకు" అన్నాడు.

మధ్యాహ్నం మామగారింట్లో అందరూ భోజనానికి కూర్చున్నాక అత్తగారు ఓపల్, బీన్స్ వడ్డిస్తూ ఆగింది. "నీ కోటేది లోవెల్? మొహమ్మీద ఆ గీతలేంటి?"

"వాగులో జారాడు" అన్నాడు ఆర్విల్.

"నిన్నడగలేదు. అతన్నడిగాను."

ఆర్విల్ చేతిలో రొట్టెముక్క గిన్నెకీ నోటికీ మధ్యలో ఆగిపోయింది. లోవెల్‌కి తెలుసు, నిజం చెబితే ఈ మధ్యాహ్నంతో అన్నీ తీరిపోతాయి. తాళాలు పిండి డబ్బాలోంచి మళ్ళీ బయటికి రావు. ముసలాయన అతన్ని చూడటం లేదు, రొట్టెనే చూస్తున్నాడు. బొగ్గు మచ్చలు పచ్చబొట్లలా దిగిపోయిన పెద్ద చెయ్యి అది.

"వాగులోనే అత్తా. నాచు మీద కాలేశాను" అన్నాడు లోవెల్.

నొరీన్ తలెత్తి చూసింది. తమ ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక అతను అన్నీ చెప్పాడు, తూము, కొక్కెం, ఏడుపు, ముసలాయన అడిగిన మాట. నొరీన్ పనికి వెళ్ళే బట్టల్లో మంచం అంచున కూర్చుని వింది. వింటూ వింటూ ఆమె మొహం ఎర్రబడింది.

"లాగకుండా మాట అడిగాడా? మా నాన్న?"

"తర్వాత లాగాడు."

"ఆయన్ని వెనకేసుకు రాకు. నాకొచ్చే కోపం నన్ను పడనియ్యి." కళ్ళు తుడుచుకుంది. "అయితే మానేస్తావా?"

"తెలీదు నొరీ. ఇదివరకు అబద్ధం పట్టుకుని ఉంది నన్ను. ఇప్పుడు ఆయన పట్టుకున్నాడు. అబద్ధాన్నైతే విదిలించుకోవచ్చు."

ఆమె లేచి కోటు తొడుక్కుంది. కుక్కల దొడ్డి దాటుకుంటూ ఎగువకి నడిచింది. ఆర్విల్ దొడ్డి గుమ్మంలో నిలబడి నీళ్ళ తొట్టిలో మంచు పగలగొడుతున్నాడు. లోవెల్ కిటికీలోంచి చూశాడు. మాటలు వినబడలేదు గాని నొరీన్ వేలు ఆడటం కనబడింది. తండ్రి తల వంచుకోవడం కూడా కనబడింది. అది అంతకుముందెన్నడూ చూడనిది.

తిరిగొచ్చి చెప్పింది. "ఒక శనివారం నాకు, ఒక శనివారం ఆయనకి. నువ్వు తుపాకీ పట్టుకోవు. ఆయన తూములో దూరమన్నట్టు నిన్ను చూడకూడదు, చూసినా నువ్వు దూరకూడదు. ఒప్పుకున్నాడు."

"ఏమన్నాడు?"

"'సరేనే' అన్నాడు. నీ ఊడిన బూటు ఇచ్చాడు, కడిగి."

తర్వాతి శనివారం భార్యాభర్తలు తెల్లగా తెల్లారేదాకా లేవలేదు. కాఫీ చల్లారేదాకా మాట్లాడుకున్నారు, పెద్ద విషయాలేం కావు. ఎగువన కుక్కలు ఒకటే అరుపులు. ఎవరూ ఎందుకు వదలడం లేదో వాటికి అర్థం కాలేదు. లోవెల్ కప్పు పట్టుకుని వాటినే వింటున్నాడని నొరీన్ గమనించింది. "వచ్చే వారం నాన్న వంతే కదా" అంది మెల్లిగా.

ఆర్విల్ వంతు వచ్చింది. ఈసారి బీడుపడ్డ పొగాకు చేను. ఆర్విల్ ఇప్పుడు దాచుకోవలసిందేమీ లేక బండిలోనే మొదలుపెట్టాడు. "ఇన్నేళ్ళూ మబ్బుల్ని కాల్చావు, ఒక్క చుక్కైనా రాలిందా?" లోవెల్ నవ్వాడు. ఉత్త చేతులతో, జేబుల్లో వేళ్ళు ముడుచుకుని వెనక నిలబడ్డాడు. చలి అలాగే ఉంది. ముళ్ళు అలాగే ఉన్నాయి. ఇష్టం ఏమీ పుట్టుకు రాలేదు.

కుక్కలు కుందేల్ని లేపి పెద్ద చుట్టు తిప్పుకొచ్చాయి. ఆర్విల్ ఒక నరికేసిన చెట్టు మొద్దు మీదికెక్కి తుపాకీ భుజాన పెట్టాడు. కుందేలు గడ్డిలోంచి బయటపడి, తిన్నగా ఆయన ముందు నుంచే, మెల్లిగా, ఒకసారి ఆగి కూడా, దాటిపోయింది. ముసలాయన పేల్చలేదు. తుపాకీ గొట్టం కుందేలు ఎప్పుడో వదిలేసిన గడ్డివైపే చూస్తోంది. ఆయన కంటికి కుందేలు ఆనలేదని లోవెల్‌కి అర్థమైంది. ఎన్నాళ్ళుగా ఇలా ఉందో తనకి తెలీదని కూడా అర్థమైంది. ఇన్నాళ్ళూ తాను మబ్బుల్ని చూస్తూ ఉండిపోయాడు.

"విన్నావా," అన్నాడు ఆర్విల్, దూరంగా పోతున్న కుక్కల గొంతుల వైపు చెవి పెట్టి, "ఎలా పాడుతున్నాయో!"

"విన్నాను మామా."

మొద్దు దిగడానికి ముసలాయన చెయ్యి చాచాడు. లోవెల్ దగ్గరికెళ్ళి భుజం ఇచ్చాడు. బరువైన చెయ్యి. గడ్డిలో గుంటలున్నాయి కాబట్టి తియ్యకుండా అలాగే ఉంచి నడిచాడాయన. చేను దాటారు, కంచె దాటారు, గుంటలు లేని గట్టి బాట మీదికొచ్చారు. ఆర్విల్ చెయ్యి తియ్యలేదు. లోవెల్ ఆ బరువుకి తగినట్టు అడుగులు చిన్నవి చేసుకుని బండి వైపు నడిచాడు.